ఆ మెసేజి ఏ గంటకు పుట్టింది?

ప్రశ్న: అయ్యా, మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర ఒక పల్లె. మా తమ్ముడు చెరువులు కౌలుకు తీసుకుని రొయ్యల సాగు చేస్తాడు. పెళ్లయి అయిదేళ్లు. మా మరదలికి చిన్నప్పటి నుంచి షుగరు, రోజూ ఇన్సులిన్ సూది వేసుకునేది. 2025 మార్చిలో ఒక రోజు ఆమెకు వాంతులైతే, సాయంత్రం నాలుగున్నరకు మా ఊరి ఆర్‌ఎంపీ వచ్చి సెలైను పెట్టి, ఒక సూది వేసి వెళ్లాడు. తెల్లవారుజామున స్పృహ లేకుండా ఉందని నెల్లూరు తీసుకుపోయాం. రెండో రోజు చనిపోయింది. తమ్ముడి మీద, ఆర్‌ఎంపీ మీద హత్య, వరకట్న చావు కేసు పెట్టారు. తమ్ముడు ఆర్‌ఎంపీకి ఇంగ్లీషు అక్షరాలతో పంపిన ‘ఇంకో వెయ్యి అన్నా, లేకపోతే ఆగదు’ అనే మెసేజిని చూపించి, ఇన్సులిన్ ఇంకోటి వెయ్యమన్నాడని ఛార్జిషీటులో రాశారు. తమ్ముడేమో చెరువు జనరేటరు డీజిల్‌కు వెయ్యి రూపాయలు అడిగానంటున్నాడు. ఆ మెసేజి స్క్రీన్‌షాట్‌లో రాత్రి 9.42 అని ఉంది, ల్యాబ్ రిపోర్టులో 16.12 అని ఉంది. ఏది దొంగది? గ్లూకోమీటరులో రాత్రి 2.15కు 28 అని ఉందట, తెలిసి కూడా మూడు గంటలు ఊరుకున్నాడంటున్నారు. ఆసుపత్రి రిపోర్టులో ఇన్సులిన్ ఎక్కువ, సీ-పెప్టైడ్ తక్కువ అని ఉంది. మరదలు చనిపోయే ముందు నెలలో వాళ్లమ్మకు ‘రెండు లక్షలు తెమ్మంటున్నాడు’ అని ఏదో మెసేజి కూడా పెట్టిందట. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మాటలన్నీ చెరిపేయమని బంధువులు అంటున్నారు. మేమేం చెయ్యాలి?

సమాధానం:

అమ్మా, ముందుగా మీ చివరి మాటకు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఈ రోజే తేలవలసిన విషయం. గ్రూపులో ఒక్క అక్షరం కూడా చెరపవద్దు. కోర్టు అడిగితే చూపించవలసిన ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద దానికదే ఒక నేరం. పైగా మీరు చెరిపేసిన మాట మిగతా సభ్యుల ఫోన్లలో ఉండనే ఉంటుంది. అది బయటపడిన రోజున, అందులో ఏముందన్న దానికన్నా మీరెందుకు చెరిపారన్న ప్రశ్నే పెద్దదవుతుంది. ఫోన్లు మార్చవద్దు, రీసెట్ చేయవద్దు, రిపేరుకు ఇవ్వవద్దు. ఆర్‌ఎంపీని గానీ, మరదలి తల్లిదండ్రులను గానీ కలిసి సాక్ష్యం గురించి మాట్లాడే ప్రయత్నం కూడా చేయవద్దు. మీ మంచితనంతో మాట్లాడినా అది సాక్షులను ప్రభావితం చేయడంగానే కనిపిస్తుంది, తమ్ముడి బెయిలుకే ఎసరు వస్తుంది.

ఇక 9.42, 16.12 సంగతి. నాకు తోచినంతలో ఈ రెండింటిలో ఏదీ దొంగది కాదు. ఫోనులోని డేటాను ల్యాబ్‌లో బయటకు తీసినప్పుడు సమయాలు చాలాసార్లు మన గడియారం ప్రకారం కాకుండా యూటీసీ అనే అంతర్జాతీయ సమయం ప్రకారం వస్తాయి. మన సమయం దానికన్నా సరిగ్గా అయిదున్నర గంటలు ముందుంటుంది. 16.12కు అయిదున్నర గంటలు కలిపి చూడండి, 21.42 వస్తుంది, అంటే రాత్రి 9.42. నిమిషాలతో సహా కలిసిపోయింది కాబట్టి ఇది కాకతాళీయం అనుకోవడానికి లేదు. అయినా మన లెక్క మనకే ఉంచుకుంటే చాలదు. ల్యాబ్ రిపోర్టులో ఆ పట్టిక పైన సమయం ఏ లెక్కలో ఇచ్చారో రాసి ఉంటుంది, అది చూడాలి. ఆ రిపోర్టు ఇచ్చిన నిపుణుణ్ణి కోర్టులో అదే ప్రశ్న అడిగి, జవాబు రికార్డులోకి ఎక్కించాలి.

ఈ అయిదున్నర గంటలు ఎంత బరువైనవో చూడండి. ఛార్జిషీటు కథ ప్రకారం తమ్ముడు 16.12కు, అంటే సాయంత్రం 4.12కు మెసేజి పెట్టాడు, పద్దెనిమిది నిమిషాల తరువాత ఆర్‌ఎంపీ ఇంటికి వచ్చి సూది వేశాడు. ఆజ్ఞ ముందు, అమలు వెనక. మెసేజి నిజంగా రాత్రి 9.42ది అయితే, సూది పడి అయిదు గంటలు దాటిన తరువాత ‘ఇంకో’ అన్న మాట వచ్చిందన్నమాట. ఆ తరువాత ఆర్‌ఎంపీ మళ్లీ మీ ఇంటికి వచ్చాడని ఎవరూ చెప్పకపోతే, ఆ మెసేజికీ సూదికీ ముడిపెట్టిన దారం తెగిపోతుంది. మళ్లీ వచ్చాడని సాక్ష్యం ఉంటే మాత్రం దారం ఇంకా గట్టిపడుతుంది. అందుకే ఆ రాత్రి ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అన్నది ప్లీడరు గారికి దాపరికం లేకుండా చెప్పండి.

మాట అర్థం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ‘వెయ్యి’ అంటే మనకు డబ్బు లెక్కా అవుతుంది, సూది వెయ్యమనడమూ అవుతుంది. తెలుగు లిపిలో రాసినా ఆ చిక్కు తీరదు. ఇక ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినప్పుడు ‘ద’, ‘డ’ రెండింటికీ ఒకే అక్షరం వాడతారు. పోలీసులు ‘ఆగదు’ అని చదివారు, అంటే షుగరు ఆగదు అని వారి భావం. అదే మాటను ‘ఆగడు’ అని చదివితే డీజిల్ బంకు మనిషి అప్పు మీద ఇంకా ఆగడని అవుతుంది. ఛార్జిషీటులో మీకు కనిపిస్తున్నది తమ్ముడు రాసిన మెసేజి కాదు, దాన్ని ఒకరు తెలుగులోకి మార్చిన పాఠం. మూలంలో ఉన్న అక్షరాలనే కోర్టు ముందు పెట్టించాలి, దాన్ని అలా చదివింది ఎవరో వారిని ప్రశ్నించాలి. అయితే రెండర్థాలు ఉన్నాయని వాదించి ఊరుకుంటే కోర్టు నమ్మాలని లేదు. ఆ మెసేజికి ముందు, వెనక ఉన్న పది మెసేజిలే దాని అర్థం చెబుతాయి. ఆర్‌ఎంపీకీ తమ్ముడికీ చెరువులో వాటా గానీ, చేబదుళ్లు గానీ ఉన్నాయా? ఆ రాత్రి కరెంటు పోయిందా, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు జనరేటరు మీద నడిచాయా? 9.42 తరువాత ఫోన్‌పే ద్వారా గానీ, మరో రకంగా గానీ వెయ్యి రూపాయలు తమ్ముడి ఖాతాకు వచ్చాయా? డబ్బు వచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక్క గీత ఉంటే, అది ఎంత గొప్ప వాదన కన్నా ఎక్కువ పని చేస్తుంది. రాకపోతే ఎందుకు రాలేదో చెప్పగలగాలి.

ఈ పని స్క్రీన్‌షాట్లతో కాదు, మొత్తం సంభాషణతోనే అవుతుంది. స్క్రీన్‌షాట్ మెసేజికి తీసిన ఫొటో మాత్రమే. పైన కనిపించే పేరు ఆ ఫోనులో ఎలా సేవ్ చేసుకున్నారో అలా ఉంటుంది, నంబరు కనిపించకపోవచ్చు, ముందు వెనకలు ఎక్కడ కత్తిరించారో తెలియదు. వాట్సాప్ సంభాషణ కంపెనీ దగ్గర చదవడానికి దొరికే రూపంలో ఉండదు. అటు ఇటు ఉన్న రెండు ఫోన్లే దానికి ఆధారం. కనుక తమ్ముడి ఫోనులోనిదీ ఆర్‌ఎంపీ ఫోనులోనిదీ పక్కపక్కన పెట్టి పోల్చమని అడగవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 230వ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూషన్ ఆధారపడే పత్రాల కాపీలు నిందితుడికి ఉచితంగా ఇవ్వాలి. మెమరీ కార్డులో ఉన్నది కూడా పత్రమేననీ, దాని క్లోన్ కాపీ, అంటే అచ్చంగా అలాంటి నకలు, నిందితుడికి అందాలనీ, బాధితురాలి గోప్యత దెబ్బతినే చోట మాత్రం చూసుకునే అవకాశం ఇస్తే చాలుననీ 2019లో కేరళ నటుడు దిలీప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద ముద్రించిన నాలుగు పేజీలతో తృప్తి పడకుండా, ల్యాబ్ తీసిన డేటా క్లోన్ కాపీ కోసం దరఖాస్తు పెట్టించండి.

సర్టిఫికెట్ లేదు కాబట్టి మెసేజిలు చెల్లవని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీకి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలన్నది నిజమే. అందులో ఒక భాగాన్ని పరికరం ఎవరి చేతిలో ఉందో వారు, రెండో భాగాన్ని నిపుణుడు నింపి సంతకం చేయాలి, డేటా మారలేదని చూపే హాష్ విలువ రాయాలి. కానీ 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు రెండు సంగతులు తేల్చింది: అసలు పరికరాన్నే యజమాని తెచ్చి కోర్టులో సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కరలేదు, లోపం ఉంటే విచారణ ముగిసేలోగా దాన్ని సరిదిద్దుకునే వీలు కోర్టు ఇవ్వవచ్చు. కనుక ఆ లోపం ఒక్కటే మిమ్మల్ని గట్టెక్కిస్తుందని నమ్ముకోవద్దు. అభ్యంతరం చెప్పదలిస్తే మాత్రం, ఆ కాగితాన్ని ఎగ్జిబిట్‌గా, అంటే కోర్టు సాక్ష్యంగా మార్క్ చేసే రోజునే చెప్పాలి. అప్పుడు ఊరుకుని అప్పీలులో మొదటిసారి లేవనెత్తితే వినబోమని 2017లో సోనూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇప్పుడు గ్లూకోమీటరు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మీ కేసు ఇక్కడే ఎటో ఒక వైపు మొగ్గుతుంది. ఇళ్లలో వాడే మీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 లోపు రీడింగులు చాలా వరకు 15 పాయింట్లు అటూ ఇటూగా సరిగ్గా ఉంటే చాలు. అంటే 28 అన్నది 13 కావచ్చు, 43 కావచ్చు. ఏదైనా ప్రాణాపాయమే, కనుక ఆ అంకె మీద పోరాడి లాభం లేదు. పోరాడవలసింది 2.15 అన్న గంట మీద. ఫోను తన సమయాన్ని నెట్‌వర్కు నుంచి తనంతట తానే సరిచేసుకుంటుంది, గ్లూకోమీటరు సాధారణంగా అలా చేయదు. కొన్న రోజున ఎవరో పెట్టిన సమయమే అందులో నడుస్తూ ఉంటుంది. చాలా మీటర్లలో బ్యాటరీ మార్చినప్పుడు మళ్లీ సమయం పెట్టాలి, చాలా ఇళ్లలో ఎవరూ పెట్టరు. మీటరును స్వాధీనం చేసుకున్నప్పుడు రాసిన పంచనామా చూడండి. ఆ నిమిషానికి మీటరు తెర మీద ఏ సమయం ఉంది, గోడ గడియారంలో ఏ సమయం ఉంది అన్నది అందులో రాశారా? రాయకపోతే, 2.15 అన్నది మీటరు సొంత సమయమే తప్ప ఆ రాత్రి సమయం అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

దీన్ని తేల్చడానికి ఒక దారి మీ ఇంట్లోనే ఉండవచ్చు. షుగరు ఉన్నవాళ్లు చాలామంది మీటరు తెరకు ఫొటో తీసి డాక్టరుకు వాట్సాప్‌లో పంపుతారు. మీ మరదలు అలా పంపిన ఫొటోలు ఉంటే, తెర మీద కనిపించే సమయాన్ని మెసేజి వెళ్లిన సమయంతో పోల్చండి. ఉదాహరణకు ఉదయం 7.05కు పంపిన ఫొటోలో మీటరు 3.40 చూపిస్తూ ఉంటే, మీటరు మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు వెనకబడి ఉన్నట్టు. ఆ లెక్కన 2.15 అన్నది నిజానికి 5.40 అవుతుంది. అప్పుడు తమ్ముడు చూసిన వెంటనే బయలుదేరాడన్న మాటకు బలం వస్తుంది. ఒక్క ఫొటో సరిపోదు, వేర్వేరు రోజుల ఫొటోల్లో తేడా ఒకేలా ఉందని చూపించాలి. ఆమె రీడింగులు రాసుకున్న నోటు పుస్తకం ఉంటే అదీ పనికివస్తుంది.

పోల్చినప్పుడు మీటరు సరిగ్గానే నడుస్తోందని తేలితే? అప్పుడు ఆ రాత్రి 2.15కు వేలికి సూది గుచ్చి షుగరు చూసింది ఎవరు అన్న ప్రశ్నకు తమ్ముడు నిజం చెప్పాలి. ఆమే చూసుకుని, పక్కన ఉన్న చక్కెర నోట్లో వేసుకుని పడుకుని ఉండవచ్చు. తమ్ముడు చెరువు గట్టు మీద ఉండి ఉండవచ్చు. అదీ కాక ఇంకేదైనా కావచ్చు. ఇంట్లో భార్యాభర్తలిద్దరే ఉన్న రాత్రి ఏం జరిగిందో భర్తే చెప్పాలని సాక్ష్య అధినియమం 109వ సెక్షన్ ఆశిస్తుంది. ఆ ప్రశ్న ముందు మౌనంగా ఉండటం మంచిది కాదు, అబద్ధం అంతకన్నా చెడ్డది.

ఆసుపత్రి రిపోర్టు విషయంలో మీరు భయపడినంత లేదు. మన ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడు దానితో సమానంగా సీ-పెప్టైడ్ కూడా పుడుతుంది. సూదిగా వేసిన ఇన్సులిన్‌లో సీ-పెప్టైడ్ ఉండదు. కనుక ఇన్సులిన్ ఎక్కువ, సీ-పెప్టైడ్ తక్కువ అంటే బయటి నుంచి ఇన్సులిన్ పడిందని అర్థం. షుగరు లేని మనిషిలో ఇది కనిపిస్తే ఉలిక్కిపడాలి. చిన్నప్పటి నుంచి షుగరు ఉండి రోజూ సూది వేసుకునే మనిషిలో సీ-పెప్టైడ్ మామూలుగానే అడుగంటి ఉంటుంది, ఇన్సులిన్ సూది నుంచే వస్తుంది. అంటే ఆ రిపోర్టు ఆమె జబ్బును చెబుతోంది, నేరాన్ని కాదు. ఎంత మోతాదు పడింది, ఎవరి చేత్తో పడింది అన్నది ఆ అంకెల్లో లేదు. ఏళ్ల తరబడి ఇన్సులిన్ వాడినవారి రక్తంలో పుట్టే ప్రతిదేహాలు (యాంటీబాడీలు) కొన్ని పరీక్షల లెక్కను తప్పిస్తాయి. కొత్త రకం ఇన్సులిన్‌లను ఒక్కో కిట్ ఒక్కో రకంగా కొలుస్తుంది. పరీక్ష ఏ పద్ధతిలో చేశారు, నమూనా ఎప్పుడు తీశారు, ఎంతసేపటికి ల్యాబ్‌కు చేరింది అని అడగాలి. ప్రభుత్వ ఫోరెన్సిక్ నిపుణుల రిపోర్టును వారు రాకుండానే స్వీకరించే వీలు చట్టంలో ఉంది గానీ, ప్రైవేటు ల్యాబ్ రిపోర్టును దాన్ని ఇచ్చినవారు వచ్చి రుజువు చేయాలి.

ఇక్కడ ఇంగ్లండులోని ఒక కేసు గుర్తుకొస్తోంది. లూసీ లెట్బీ అనే నర్సుకు పసిపిల్లల హత్యల మీద 2023లో యావజ్జీవ శిక్ష పడింది. ఆ కేసులో ఫోను మెసేజిలూ ఉన్నాయి, ఇన్సులిన్, సీ-పెప్టైడ్ రీడింగులూ ఉన్నాయి. ఇన్సులిన్ ఎవరో ఇచ్చారన్న మాటను ఆమె కూడా సాక్ష్యంలో ఒప్పుకున్నారు, తాను మాత్రం కాదన్నారు. 2024లో అప్పీలుకు అనుమతి దొరకలేదు. 2025 ఫిబ్రవరిలో కొందరు అంతర్జాతీయ వైద్య నిపుణులు ఆ కేసులోని వైద్య సాక్ష్యం మొత్తం మీద సందేహాలు ప్రకటించారు. ఆమె దోషి అవునా కాదా అన్నది నేను చెప్పలేను. మీకు పనికివచ్చేది ఒక్కటే: విచారణలో ఒప్పుకున్న రీడింగును తరువాత తిరగదోడడం చాలా కష్టం. మన దగ్గర నాగరిక్ సురక్షా సంహిత 330వ సెక్షన్ కింద పత్రాలను ఒప్పుకుంటారా, కాదంటారా అని కోర్టు అడుగుతుంది. నిపుణుడైన డాక్టరుకు చూపించి అడగకుండా, వాయిదా తొందరగా అయిపోతుందని ఏ రీడింగునూ ఒప్పుకోవద్దని ప్లీడరు గారితో చెప్పండి.

ఆర్‌ఎంపీ వేసిన సూది విషయంలో ఒక వస్తువును వెతకాలి. మన దగ్గర ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల సిరంజికి నారింజ మూత ఉంటాయి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది పది యూనిట్లు కాదు, ఇరవై అయిదు. వాంతులై, తిండి లేక ఉన్న మనిషికి ఇది చాలు. ఆ రోజు వాడిన సీసా, సిరంజి పంచనామాలో ఉన్నాయా? ఉంటే ఏ రంగు మూత? లేకపోతే ఇంట్లో మిగిలిన వాటిని మీరు ముట్టుకోకుండా, ప్లీడరు ద్వారా కోర్టు దృష్టికి తీసుకురండి. ఇది ఆర్‌ఎంపీ వేసినది వాంతుల మందా, ఇన్సులినా అన్న ప్రశ్నను కూడా తేలుస్తుంది. పొరపాటున ఎక్కువ మోతాదు పడటం ఒక నేరం, కావాలని వేయడం ఇంకొక నేరం, రెండింటి శిక్షలకూ పోలిక లేదు.

అమ్మా, మీరు ఒక్క వాక్యంలో దాటవేసిన సంగతి గురించి ఇప్పుడు చెప్పాలి. మీ మనసు ‘ఇంకో వెయ్యి’ మీద ఉంది, నా మనసు మాత్రం ‘రెండు లక్షలు తెమ్మంటున్నాడు’ అన్న మెసేజి మీద ఉంది. చనిపోయిన మనిషి తన చావుకు దారితీసిన పరిస్థితుల గురించి రాసిన మాట సాక్ష్య అధినియమం 26వ సెక్షన్ కింద సాక్ష్యంగా నిలబడుతుంది. పెళ్లయిన ఏడేళ్లలోపు సహజం కాని చావు సంభవించి, అంతకు కొద్దికాలం ముందు కట్నం కోసం హింసించారని ప్రాసిక్యూషన్ చూపిస్తే, అది వరకట్న చావేనని అదే చట్టం 118వ సెక్షన్ కింద కోర్టు భావించాలి. అప్పుడు బరువు తమ్ముడి మీద పడుతుంది. పంట పోయి అప్పుగా అడిగాడని మీరు అనవచ్చు, కానీ ఇల్లు కట్టుకోవడానికి అడిగిన డబ్బు కూడా కట్నమేనని 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. హత్య ఆరోపణ వీగిపోయినా ఈ ఆరోపణ నిలబడవచ్చు. చనిపోయిన అమ్మాయికి కూడా న్యాయం దక్కవలసి ఉంది. ఆమె రాసిన మాటలను పక్కకు నెట్టేసి తమ్ముణ్ణి కాపాడుకునే దారి లేదు, ఉండకూడదు కూడా.

1984లో శరద్ సార్దా కేసులో కూడా ఇలాగే ఒక కొత్త కోడలు విషంతో చనిపోయింది. అప్పట్లో మెసేజిలు లేవు, ఆమె సోదరికీ స్నేహితురాలికీ రాసిన ఉత్తరాలు ఉన్నాయి. సుప్రీంకోర్టు ఆ ఉత్తరాలను వరుసగా చదివి, ఆమె మానసిక స్థితిని అంచనా వేసి, సందర్భాల గొలుసు పూర్తి కాలేదని భర్తను విడుదల చేసింది. విషం వల్లే చనిపోయిందా, ఆ విషం నిందితుడి దగ్గర ఉందా, ఇచ్చే అవకాశం ఉందా, ఉద్దేశం ఉందా అని విడివిడిగా రుజువు కావాలని ఆ తీర్పు చెప్పింది. మీ మరదలు తల్లికి పంపిన మెసేజిలన్నీ అలాగే వరుసగా కోర్టు ముందుకు రావాలి. ఆ డబ్బు మాట ఏ నెలలోది, తరువాత ఆమె ఏం రాసింది, మామూలు కబుర్లకు ఎప్పుడు వచ్చింది, లేక రాలేదా? అందులో మీకు నచ్చనివి ఉంటాయి. వాటిని ముందుగా చదివి ఉన్న ప్లీడరు ఒక రకంగా వాదిస్తాడు, కోర్టులో మొదటిసారి వినే ప్లీడరు ఇంకో రకంగా తడబడతాడు.

ఖర్చు భారం అయితే, కస్టడీలో ఉన్న నిందితుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా వివరం చెబుతారు. తమ్ముడికి బెయిలు వచ్చి ఉంటే ఆదాయాన్ని బట్టి అర్హత చూస్తారు.

వచ్చే వాయిదాకు వెళ్లేటప్పుడు ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంటు, డీజిల్ బంకు రసీదులు, మరదలి నోటు పుస్తకం, డాక్టరుకు పంపిన మీటరు ఫొటోలు ఉన్న ఫోను, అలాగే ఉన్నవి ఉన్నట్టుగా తీసుకువెళ్లి ప్లీడరు గారి ముందు పెట్టండి. అన్నిటికన్నా ముందు ఆ గ్లూకోమీటరు కోసం ఒక దరఖాస్తు వేయించండి: కోర్టు సమక్షంలో దాన్ని తెరిచి, తెర మీది సమయాన్నీ అసలు సమయాన్నీ పక్కపక్కన రికార్డు చేయాలని, అప్పటి దాకా ఎవరూ బ్యాటరీ తీయకూడదని. బ్యాటరీ అయిపోతే పాత రీడింగులు మిగిలినా, వాటి గంట ఎంత తప్పిందో చూపే గడియారం మిగలకపోవచ్చు. 2025 మార్చి నుంచి అది సీలు వేసిన సంచిలోనే ఉంది కాబట్టి ఈ దరఖాస్తును ఇంకో వాయిదాకు వాయిదా వేయవద్దు.